ఎసెన్షియల్ ఆయిల్ కొనేముందు...

ప్రశ్న: లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ కొందామంటే అన్ని సీసాల మీదా ‘నూరు శాతం స్వచ్ఛం’, ‘థెరప్యూటిక్ గ్రేడ్’ అనే ఉంటోంది. ధరలో మాత్రం ఐదారు రెట్ల తేడా. దేన్ని నమ్మాలి?

జవాబు: ఆ రెండు మాటల్నీ పక్కన పెట్టండి. ‘థెరప్యూటిక్ గ్రేడ్’ అన్నది అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు. ఏ ప్రమాణాల సంస్థా ఇచ్చేది కాదు. లేబుల్ మీద ముందు మొక్క శాస్త్రీయ నామం వెతకండి. ‘లావండ్యులా అంగుస్టిఫోలియా’ అని ఉంటే అసలు లావెండర్. ‘ఇంటర్మీడియా’ అని ఉంటే అది లావెండిన్ అనే సంకర రకం. దిగుబడి ఎక్కువ కాబట్టి చవక, కర్పూరం ఘాటు బాగా తెలుస్తుంది. లావెండిన్ చెడ్డదేమీ కాదు, లావెండర్ పేరుతో అమ్మడమే తప్పు. శాస్త్రీయ నామమే లేకపోయినా, ‘ఫ్రాగ్రెన్స్ ఆయిల్’ (కృత్రిమ పరిమళాలు కలిపిన నూనె) అని ఉన్నా కొనకండి.

తర్వాత బ్యాచ్ నంబరు చూసి, ఆ బ్యాచ్‌కు చేసిన జీసీ-ఎంఎస్ రిపోర్టు (నూనెలో ఏ రసాయనం ఎంత ఉందో చెప్పే ల్యాబ్ పరీక్ష) అడగండి. రెండు నంబర్లూ కలవాలి. ఒకే పాత రిపోర్టును ప్రతి సీసాకూ చూపించేవాళ్లూ ఉంటారు. మంచి లావెండర్‌లో దాని ముఖ్య సువాసన రసాయనాలైన లినలూల్, లినలైల్ ఎసిటేట్ కలిపి సగానికి పైగా ఉంటాయి. కర్పూరం చాలా తక్కువ. టీ ట్రీ నూనె అయితే అందులోని ముఖ్య రసాయనం టెర్పినెన్-4-ఆల్ 35 శాతానికి తగ్గకూడదు.

ధర కూడా చాలా చెబుతుంది. కిలో గులాబీ నూనెకు 3 నుంచి 5 టన్నుల పూరేకులు కావాలి. నారింజ నూనె రసం తీశాక మిగిలే తొక్కల నుంచే వస్తుంది. ఈ రెంటినీ ఒకే ధరకు అమ్మే చోట గులాబీ నూనె కొనకపోవడమే మంచిది.

ప్రశ్న: తెల్ల కాగితం మీద చుక్క వేస్తే కల్తీ తెలిసిపోతుందా?

జవాబు: సగమే తెలుస్తుంది. ఒక రోజు ఆరాక జిడ్డు మరక మిగిలితే అందులో వంటనూనె లాంటిదేదో కలిసి ఉండొచ్చు. అయితే చందనం, వట్టివేరు, పచౌలి స్వచ్ఛంగా ఉన్నా మరక వదులుతాయి. కృత్రిమ లినలూల్ కలిపిన నూనె మాత్రం మరక లేకుండా ఆరిపోతుంది. అందుకే రిపోర్టు అడగమనేది.

ప్రశ్న: కొన్న నూనె ఎంతకాలం నిలవుంటుంది? ఒంటికి ఎంత కలుపుకోవాలి?

జవాబు: నిమ్మ, నారింజ, టీ ట్రీ మూత తీశాక ఏడాదిలోగా వాడేయాలి. గాలి తగిలి ఆక్సీకరణం చెందిన నూనె చర్మానికి అలర్జీ తెస్తుంది. పాతబడ్డ నూనెను ఒంటికి అసలు రాయకండి. ముదురు రంగు గాజు సీసా, లోపల చుక్కలు రాల్చే ప్లాస్టిక్ బిరడా ఉన్నదే కొనండి. రబ్బరు బుడ్డి డ్రాపర్‌తో నిలవ చేస్తే నూనె ఆవిరికి రబ్బరు మెత్తబడి పాడవుతుంది.

ఒంటికైతే 30 మిల్లీలీటర్ల కొబ్బరి లేదా నువ్వుల నూనెలో 12 చుక్కలు, అంటే సుమారు 2 శాతం. ముఖానికి 6 చాలు. తొక్కలు పిండి తీసిన నిమ్మ, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) నూనెలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోతుంది. నీలగిరి తైలం పొరపాటున మింగితే పిల్లలకు ప్రాణాపాయం. వాళ్ల చేతికి అందనివ్వకండి.

ప్రశ్న: నీళ్లలో నూనె చుక్కలు వేసి గదిలో సువాసన వెదజల్లే కొత్త డిఫ్యూజర్ తొట్టి పగుళ్లిచ్చింది. నాసిరకమా?

జవాబు: నారింజ, నిమ్మ నూనెల్లోని లిమొనీన్ కొన్ని ప్లాస్టిక్‌లను తినేస్తుంది. పాలీప్రొపిలీన్ తొట్టి ఉన్నది చూసుకోండి. 100 మిల్లీలీటర్ల నీటికి 3 నుంచి 5 చుక్కలు వేసి, అరగంట నడిపి ఆపండి. మిగిలిన నీళ్లు పారబోసి తుడవండి.