ట్యాబ్లోనా, ట్యాబ్‌లోనా, ట్యాబులోనా?

సందేహం: ఇటీవలే మొదటిసారిగా ఒక ట్యాబ్లెట్ కొనుక్కుని, అందులో తెలుగు టైపు చేయడం నేర్చుకుంటున్నాను. ‘ట్యాబ్’ అని రాసి ‘లో’ చేర్చగానే ‘ట్యాబ్లో’ అని లకారం ఒత్తుగా మారిపోతోంది. పత్రికల్లో ‘ట్యాబ్‌లో’ అనీ, కొన్నిచోట్ల ‘ట్యాబులో’ అనీ కనిపిస్తోంది. వీటిలో ఏది సరైనది? పొల్లును విడిగా నిలపడం ఎలా? – ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, నంద్యాల

సమాధానం: మూడింటిలో నేను ముందుగా ఎంచుకునేది ‘ట్యాబులో’. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి కనుక, హల్లుతో ముగిసే పరభాషా పదం మన నోట పడగానే చివర ఉకారాన్ని చేర్చుకుంటుంది. హ్రస్వాచ్చు తరవాతి హల్లు ద్విత్వమై బస్సు, పెన్ను, కప్పు ఏర్పడ్డాయి. దీర్ఘాచ్చు తరవాతిది ఒంటిగానే నిలిచి కారు, గేటు, బ్యాగు, మ్యాపు ఏర్పడ్డాయి. ‘రోడ్డు’ వంటివి ఈ పద్ధతికి లొంగని మాట నిజమే. ‘ట్యాబ్’లోని అచ్చును మనం సాగదీసే పలుకుతాం కాబట్టి అది ‘బ్యాగు’ వెంట నడిచి ‘ట్యాబు’ కావడమే సహజం. అప్పుడు ట్యాబులో, ట్యాబుకు, ట్యాబును అంటూ విభక్తులన్నీ ఏ చిక్కూ లేకుండా అతుకుతాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల్లోని ఎనిమిదో తరగతి పిల్లలకు వీటిని పంచడంతో పల్లెటూళ్ల ఇళ్లకూ చేరిన మాట ఇది. ఇంతగా మనదైపోయిన మాటకు మన అచ్చును చేర్చడానికి సంకోచించవలసిన పని లేదు. ‘హైదరాబాదులో’ అని ఎప్పటినుంచో రాసుకుంటూనే ఉన్నాం కదా.

అయినా చాలామంది ‘ట్యాబ్’ అని హలంతంగానే పలుకుతున్నారు, రాస్తున్నారు. దాన్ని తప్పనలేం. అలా రాసేవారు మాత్రం ‘ట్యాబ్‌లో’ అని పొల్లును నిలిపి రాయాలి. ఎందుకో ‘ట్యాబ్లెట్’తో పోల్చి చూడండి. ఆ మాటలో ‘బ్లె’ పదం లోపలి సంయుక్తాక్షరం. దాన్ని కలిపి రాయడమే న్యాయం. ‘ట్యాబ్‌లో’ అన్నచోట బకారం దగ్గర పదం ముగిసింది, లకారం దగ్గర విభక్తి మొదలైంది. ఈ రెండింటినీ ఒకే తీరున రాస్తే, ‘ట్యాబ్లో’ అన్నది ఏదో కొత్త మాట కాబోలునని పాఠకుడు ఒక క్షణం ఆగుతాడు. ‘పాస్వర్డ్’ అని రాస్తే చూపు ‘స్వరం’లోని ‘స్వ’ మీదికి పోతుంది. ‘పాస్‌వర్డ్’ అంటే ఆ తడబాటు ఉండదు.

మరి ‘పొలాల్లో’, ‘ఊర్లో’ అని కలిపే రాస్తున్నాం కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ‘పొలాలలో’, ‘ఊరిలో’ అన్న రూపాల్లోని అచ్చు వాడుకలో లోపించి, మిగిలిన హల్లులు దగ్గరై కలిసిపోయాయి. తరతరాలుగా చెవికీ కంటికీ అలవాటైన రూపాలవి. చెవికి ‘ట్యాబ్లో’ కూడా తప్పేమీ కాదు, ఎందుకంటే పలుకుబడిలో రెండింటికీ తేడా దాదాపు లేదు. నా అభ్యంతరమల్లా కంటికి సంబంధించినది: కొత్త మాట రూపం చెదరకుండా కనిపిస్తేనే గుర్తుపట్టడం సులువు.

ఇక మీ ట్యాబు చేస్తున్న పని సంగతి. యూనికోడ్ పద్ధతిలో ఒత్తులకు వేరే సంకేతాలు లేవు. హల్లు, పొల్లు, మరో హల్లు వరుసగా వస్తే, రెండో హల్లును ఒత్తుగా చూపాలన్నదే నియమం. ‘పద్మ’ రాసినా, ‘ట్యాబ్’ పక్కన ‘లో’ చేర్చినా యంత్రానికి అందేది ఒకే రకమైన వరుస. పదం ఎక్కడ ముగిసిందో దానికి తెలియదు. దాన్ని చెప్పడానికే ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే కనిపించని గుర్తు ఉంది. పొల్లు తరవాత, లకారానికి ముందు దాన్ని ఉంచితే పొల్లు పొల్లుగానే నిలుస్తుంది. మీ తెలుగు కీబోర్డులో దానికి మీట ఉంటే సరే. లేకపోతే, సరిగా అచ్చయిన ‘ట్యాబ్‌లో’, ‘ఆన్‌లైన్’, ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలను ఎక్కడినుంచైనా కాపీ చేసి, ఆండ్రాయిడ్ ట్యాబు అయితే సెట్టింగుల్లోని వ్యక్తిగత నిఘంటువులో, ఐప్యాడ్ అయితే టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌లో చేర్చుకోండి. అక్కడ మీరు పెట్టుకున్న పొట్టి గుర్తును టైపు చేసినప్పుడు పూర్తి మాటను చూపుతుంది.

ఆ గుర్తును దాని చోటులోనే వాడాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం నడుమ, ఞకారానికీ దీర్ఘానికీ మధ్య ఇది చేరిన ఒక వరుసను చూపబోయి ఐఫోన్లు, ఐప్యాడ్‌లలో యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసింది. తప్పు మన లిపిది కాదు, దాన్ని చూపే సాఫ్ట్‌వేర్‌ది.

ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు ‘ట్యాబ్ లో’ అని ఖాళీ విడిచి రాస్తున్నారు. నేను గట్టిగా వద్దనేది దీన్నే. విభక్తి ప్రత్యయం ఒంటరిగా నిలవగల మాట కాదు. ఖాళీ ఉన్నచోట యంత్రం పంక్తిని విరిచే వీలుంది గనుక, ‘ట్యాబ్’ ఒక పంక్తి చివర, ‘లో’ తరవాతి పంక్తి మొదట పడతాయి. పొల్లును నిలిపే వీలు దొరకనప్పుడు ఖాళీ విడవకండి, ‘ట్యాబులో’ అనే రాయండి.