పాత ప్రోగ్రామ్ నడుస్తోంది, కంపైల్ మాత్రం కావట్లేదు

ప్రశ్న: మా ల్యాబ్ క్లస్టర్‌లో (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) ఓపెన్ ఎంపీఐని, అంటే ఒకే ప్రోగ్రామ్‌ని చాలా కంప్యూటర్ల మీద నడిపించే లైబ్రరీని, 3.1 నుంచి 4.0కి మార్చారు. ఎప్పుడో కంపైల్ చేసి పెట్టుకున్న సిమ్యులేషన్ హాయిగా నడుస్తోంది. అదే కోడ్‌లో ఒక్క లైను మార్చి మళ్లీ కంపైల్ చేయబోతే ‘ఎంపీఐ_టైప్_స్ట్రక్ట్’ అనే ఫంక్షన్ దగ్గర ఎర్రర్ వస్తోంది. ఆ ఫంక్షన్ ఉన్నట్టా, లేనట్టా? మా సీనియర్ ఫోల్డర్‌లో పాత లైబ్రరీ ఉంది, దాన్ని వాడుకోనా?

జవాబు: ఉంది. కంపైలర్ చూసే హెడర్ ఫైల్లోంచి (ఫంక్షన్ల పేర్ల జాబితా) తీసేశారు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వెతికే లైబ్రరీ ఫైల్లో మాత్రం ఉంచారు. అందుకే పాత ప్రోగ్రామ్‌కి ఇబ్బంది లేదు, కొత్తగా కంపైల్ చేసేవాళ్లకే అడ్డు.

ఇదే ఫిర్యాదు ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంటుంది. ‘చెప్పాపెట్టకుండా తీసేశారు’ అంటారు. ఎంపీఐ అంటే ఇలాంటి లైబ్రరీలన్నీ పాటించే ప్రమాణం. 1997లో దాని ఎంపీఐ-2 రూపం వచ్చినప్పుడే దీన్ని వాడొద్దన్నారు. 2012లో ఎంపీఐ-3.0 ప్రమాణం నుంచే తొలగించింది. ఓపెన్ ఎంపీఐ 4.0 వచ్చింది 2018లో. ఇరవై ఏళ్లు దాటిన గడువు ఇది! తీసేయడానికి గట్టి కారణమే ఉంది. ఫోర్ట్రాన్‌లో ఈ పాత ఫంక్షన్లు మెమరీ అడ్రస్‌ని మామూలు ఇంటీజర్‌లో పెడతాయి. 64 బిట్ల అడ్రస్ 32 బిట్లలో ఎలా పడుతుంది?

ప్రమాణాన్ని పాటిస్తూనే, నడుస్తున్న ప్రోగ్రాముల పొట్ట కొట్టకుండా చేసిన ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. రాత్రికి రాత్రి పాత ఫైళ్లు తెరుచుకోకుండా చేసే ఫోన్ అప్‌డేట్లు తయారుచేసేవాళ్లు దీన్ని చూసి నేర్చుకోవాలి. పాత ఫంక్షన్లు హెడర్‌లో మళ్లీ కనిపించేలా లైబ్రరీని కట్టే ఆప్షన్ ఉంది గానీ, అడ్మిన్‌ని అది అడక్కండి. సీ కోడ్ అయితే పేరు ‘ఎంపీఐ_టైప్_క్రియేట్_స్ట్రక్ట్’గా మారిస్తే చాలు. డేటా హద్దులు చెప్పే పాత గుర్తులు ‘ఎంపీఐ_యూబీ’, ‘ఎంపీఐ_ఎల్‌బీ’ వాడి ఉంటే మాత్రం పేరు మార్పుతో పోదు. ‘ఎంపీఐ_టైప్_క్రియేట్_రీసైజ్డ్’ ఫంక్షన్‌తో ఆ భాగం తిరగరాయాలి.

మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది ఆఖరి వాక్యం. సీనియర్ ఫోల్డర్‌ని ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’లో (లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా) చేర్చి, ఆ లైను బాష్‌ఆర్‌సీలో (లాగిన్ అయినప్పుడు నడిచే సెట్టింగుల ఫైలు) రాసి మర్చిపోతారు. ‘అందరికీ పనికొస్తుంది’ అని ఆ ఫోల్డర్‌ని ఎవరైనా రాయగలిగేలా తెరిచి ఉంచుతారు. ఇక అందులో ‘లిబ్‌ఎంపీఐ’ (ఎంపీఐ లైబ్రరీ ఫైలు) పేరుతో ఎవరు ఏ ఫైలు పడేసినా మీ తర్వాతి జాబ్ దాన్నే ఎత్తుకుంటుంది. అది నడిచేది మీ ఖాతాలో, మీ అనుమతులతో. వేరే కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యే మీ ఎస్ఎస్‌హెచ్ కీలు చదవగలదు, మీ ఫలితాలు మార్చగలదు, ఎర్రర్ కూడా రాదు. వందల నోడ్ల మీద ఒకేసారి!

దురుద్దేశం లేకపోయినా ప్రమాదమే. ఎంపీఐసీహెచ్ (ఇంకో ఎంపీఐ లైబ్రరీ)లో ‘కామ్_వరల్డ్’, అంటే ప్రోగ్రామ్‌లోని ప్రాసెస్‌లన్నిటి గుంపుకి పేరు, 0x44000000 అనే అంకె; ఓపెన్ ఎంపీఐలో ఒక అడ్రస్. లైబ్రరీ ఫైలు పేరు మార్చి ఒకదాని చోట ఇంకోటి పెడితే ఆ అంకెనే అడ్రస్ అనుకుని ప్రోగ్రామ్ కూలిపోతుంది. ఏ లైబ్రరీతో కంపైల్ చేసినా ఇంకోదానితో నడిచేలా అందరికీ ఒకే బైనరీ రూపం ప్రమాణంలోకి వచ్చింది 2025లో, ఎంపీఐ-5.0తోనే. మీ పాత లైబ్రరీకి అది వర్తించదు.

ఇప్పుడే మీ ప్రోగ్రామ్ మీద ‘ఎల్‌డీడీ’ (ప్రోగ్రామ్ వాడే లైబ్రరీలు చూపించే కమాండ్) నడిపి, ‘లిబ్‌ఎంపీఐ’ ఏ ఫోల్డర్ నుంచి వస్తోందో చూడండి. అది క్లస్టర్ సొంత ఫోల్డర్ కాకపోతే బాష్‌ఆర్‌సీలో ఆ లైను తీసేశాకే తర్వాతి జాబ్ పెట్టండి.