రాళ్లు ‘పెరుగుతాయా’, ‘ఏర్పడతాయా’?

సందేహం: బొర్రా గుహలు చూసొచ్చాక మా అమ్మాయి స్కూల్లో వ్యాసం రాస్తూ ‘లోపల రాళ్లు పెరుగుతున్నాయి’ అని రాసింది. పెరగడం ప్రాణమున్నవాటికే చెల్లుతుంది, ‘ఏర్పడుతున్నాయి’ అనాలి అని టీచరు దిద్దారు. ఏది సరైనదండీ?

సమాధానం: మీ అమ్మాయి రాసింది తప్పేం కాదండీ. పెరగడం ప్రాణమున్నవాటికే అన్న నియమం తెలుగులో లేదు. ధరలు పెరుగుతాయి, గోదావరికి వరద పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. అంతెందుకు, నంద్యాల జిల్లా యాగంటిలో రాతి నందిని చూపించి ‘బసవన్న పెరుగుతున్నాడు’ అని జనం తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నిజంగా పెరుగుతోందా లేదా అన్నది వేరే చర్చ, రాయికి ఆ మాట వాడటానికి ఎవరి నాలుకా తడబడలేదన్నదే నాకిక్కడ ముఖ్యం.

ప్రాణంతో ముడిపడ్డ మాట ‘ఎదగడం’. పిల్లలు ఎదుగుతారు, పైరు ఎదుగుతుంది, ధర ఎదిగిందని మాత్రం అనం. (కంపెనీ ఎదిగింది అంటాం, అది దాన్ని మనిషిలా ఊహించుకుని అనే మాట.) రాళ్లు ‘ఎదుగుతున్నాయి’ అని రాసుంటే నేనూ దిద్దేవాణ్ణి.

ఇక ‘ఏర్పడటం’ అంటే లేనిది కొత్తగా రూపు కట్టడం. అదీ తప్పు కాదు, కానీ బొర్రాలో ఇప్పుడు జరుగుతున్నదంతా ఆ మాటలో రాదు. వాననీరు మట్టిలోంచి దిగుతూ అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పగుళ్ల వెంట గుహ కప్పు దాకా వస్తుంది, అక్కడ బొట్టుగా వేలాడుతుండగా ఆ వాయువు గాల్లోకి పోతుంది, దాంతో కరిగిన సున్నం నీళ్లలో నిలవలేక బొట్టు అంచున పల్చటి పొరగా మిగిలిపోతుంది. బోరునీళ్లు కాచే గిన్నెకి తెల్లగా గార పడుతుంది చూడండి, ఇదీ ఆ పదార్థమే. బొట్టు రాలినచోట కింద కూడా ఇంకాస్త చేరుతుంది. అలా పైది దిగుతూ, కిందది లేస్తూ, రెండూ ఎప్పటికో కలిస్తే స్తంభం. వేగం చోటునిబట్టి మారుతుంది గానీ, ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే 10 సెంటీమీటర్లకు వెయ్యేళ్లు! ఉన్నదాని మీద పొర చేరి పొడవూ లావూ హెచ్చుతుంటే దాన్ని పెరగడం అనక ఇంకేమంటాం? ఎలా పెరుగుతోందో కూడా చెప్పాలనుకుంటే ‘పేరుకోవడం’ అన్న మంచి మాట ఉంది. నెయ్యి పేరుకున్నట్టే సున్నమూ పేరుకుంటుంది. ‘సున్నం పేరుకుని రాళ్లు పెరుగుతున్నాయి’ అంటే విషయమూ వచ్చింది, తెలుగూ నిలిచింది.

నిజానికి చూసుకోవాల్సింది కాలం సంగతి. ‘పెరుగుతున్నాయి’ అన్నది నీళ్లు ఇంకా చేరుతున్న చోటికే సరిపోతుంది. ఊట ఆగి ఎండిపోయిన వాటికి ‘పెరిగాయి’ అనాలి. జనం చేతులు పెట్టి పెట్టి జిడ్డు పట్టినచోట కూడా కొత్త పొర సరిగా అంటుకోదు, అక్కడా వర్తమానం రాసేముందు ఆలోచించాలి. తను చూసిన రాళ్ల కొసలు తడిగా ఉన్నాయేమో మీ అమ్మాయిని అడగండి. ఉంటే ఆ వాక్యాన్ని అలాగే ఉంచమనండి.