పాత కార్డు బాకీకి ఇవాళే రూ.5,000 కట్టమంటున్నారా? ఆగండి

ప్రశ్న: ఉద్యోగం పోయి 2020 మే తర్వాత క్రెడిట్ కార్డు బిల్లు కట్టలేకపోయాను. అప్పటికి బాకీ రూ.62,000. ఇప్పుడు ఏదో ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి రూ.2.3 లక్షలైందని, ఇవాళ రూ.5,000 వేసి ఒక లెటర్ మీద సంతకం పెడితే రూ.70,000కి సెటిల్ చేస్తామని, లేదంటే పోలీసులొస్తారని అంటున్నారు. మా బావమరిదికి కూడా ఫోన్ చేశారు. ఏం చేయమంటారు? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ రూ.5,000 ఇప్పుడే వేయకండి, సంతకం అసలే వద్దు. ఎందుకో చెబుతాను.

ఇలాంటి బాకీ మీద కోర్టుకెళ్లడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం మూడేళ్లే ఇస్తుంది. మామూలుగా అయితే మీది 2023లోనే అయిపోవాలి, కానీ కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది కాబట్టి మీ మూడేళ్లు 2022 మార్చి 1న మొదలై 2025 ఫిబ్రవరి ఆఖరుకు పూర్తయ్యాయి (యూట్యూబ్ సలహాల్లో ఈ ముక్క తరచూ ఎగిరిపోతుంది). ఆలోపే కేసు వేసి ఉంటే సంగతి వేరు. ఈకోర్ట్స్ సైట్‌లో మీ పేరును రకరకాల స్పెల్లింగులతో వెతకండి, పాత అడ్రసుకు ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి విచారణ) నోటీసు ఏమైనా వచ్చిందేమో కనుక్కోండి.

గడువు దాటితే అప్పు మాఫీ అయిపోదు. కోర్టు దారి మూసుకుపోతుంది, అంతే. దాన్ని మళ్లీ తెరిచేది మీ సంతకమే: గడువు చెల్లిన బాకీనైనా కడతానని రాసి సంతకం పెడితే అది చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. వాళ్లకు మీ రూ.5,000 కంటే ఆ కాగితమే ముఖ్యం కావచ్చు.

పోలీసుల మాట వట్టి బెదిరింపు. మోసం ఏదీ లేకుండా, చేతిలో డబ్బుల్లేక బిల్లు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి అరెస్టు చేయరు. చెక్కు బౌన్సయితే మాత్రం క్రిమినల్ కేసే, అందుకే ఎవరు ఎంత తియ్యగా అడిగినా ఖాళీ చెక్కు ఇవ్వకండి. ఇక బావమరిదికి ఫోన్ చేయడం ఆర్‌బీఐ నిబంధనలకు విరుద్ధం, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేసినా అంతే. కాల్ రికార్డులు దాచుకుని ముందు బ్యాంకుకు ఈమెయిల్‌లో ఫిర్యాదు చేయండి, ఆ మెయిల్లో బాకీ ఒప్పుకుంటున్నట్టు ఒక్క వాక్యం కూడా రాయకండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకులపై ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, వివరాలకు 14448.

అసలు ఈ బాకీ ఇప్పుడు ఎవరిది? బ్యాంకుదేనా, ఏదైనా ఏఆర్‌సీకి (మొండి బాకీలు కొనే కంపెనీకి) అమ్మేసిందా? ఏజెన్సీని అధికార పత్రం అడగండి, ఏడాదికోసారి ఉచితంగా వచ్చే సిబిల్ రిపోర్టులో కూడా చూసుకోండి.

కట్టాలా వద్దా అంటే, దగ్గర్లో ఇంటి లోన్ ఆలోచన ఉంటే కట్టేయడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే రిపోర్టులో 'రిటన్ ఆఫ్' (రాని బాకీ కింద బ్యాంకు రాసేసుకుంది) అని ఉన్న మనిషికి లోన్ దొరకడం కష్టం. రూ.2.3 లక్షల నుంచి ఒక్క ఫోన్‌లో రూ.70,000కి దిగారంటే ఇంకా దిగుతారు. అయితే తగ్గించి కడితే 'సెటిల్డ్' అని పడుతుంది, అదీ బ్యాంకులకు నచ్చదు, కాబట్టి వడ్డీ, పెనాల్టీలు తీసేసి అసలు కడితే 'క్లోజ్డ్' అని రాస్తారా అని బేరమాడండి. ఒప్పుకుంటే, బాకీ ఇప్పుడు ఎవరిదైతే ఆ బ్యాంకు లేదా ఏఆర్‌సీ లెటర్‌హెడ్ మీద ఆఫర్ చేతికొచ్చాక, మొత్తం ఒకేసారి, ఆ సంస్థ ఖాతాకే కట్టండి. ఏజెంటు ఫోన్‌పే నంబరుకు ఒక్క రూపాయి కూడా వద్దు. ఇక బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ లెటర్ తీసుకుని, నెలా రెండు నెలలాగి సిబిల్‌లో మారిందో లేదో చూసుకోండి.