కోడ్ పోయినా డిస్క్ ఉంది

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి యానిమే (జపాన్ కార్టూన్లు) అంటే ప్రాణం. పుట్టినరోజు వచ్చినా, పరీక్షల్లో మంచి మార్కులొచ్చినా ఫ్యూనిమేషన్ కంపెనీ బ్లూ-రే డిస్కుల సెట్ కొనిపించుకునేవాడు. ప్రతి పెట్టెలో డిజిటల్ కాపీ కోడ్ ఉన్న కాగితం ఉండేది. ఆ కోడ్‌ను యాప్‌లో నమోదు చేసుకుని బస్సులో కూర్చుని కూడా చూసేవాడు. ఇప్పుడు ఆ యాప్ లేదు, కాపీలూ లేవు. డబ్బు పెట్టి కొనడం కన్నా పైరసీ సైట్లే నయమని వాడి స్నేహితులు అంటున్నారట. వేసవిలో మేం విజయవాడ వచ్చేస్తున్నాం. కాపీలు తిరిగొచ్చే దారి ఉందా? డిస్కులు అక్కడ ఆడతాయా?

జవాబు: కాపీలు తిరిగి రావండీ. 2024 ఏప్రిల్ 2న ఫ్యూనిమేషన్ యాప్, వెబ్‌సైట్ మూతపడ్డాయి. వాటితో పాటే ఆ కాపీలూ పోయాయి.

ఫ్యూనిమేషన్ 1994లో గెన్ ఫుకునాగా మొదలుపెట్టిన, మీ టెక్సాస్‌లో స్థిరపడిన సంస్థ. డ్రాగన్ బాల్ జెడ్‌ను ఇంగ్లిష్‌లో అమెరికా పిల్లల ముందుకు తెచ్చింది అదే. 2017లో సోనీ అందులో 95 శాతం వాటా కొంది. 2021లో టెలికాం సంస్థ ఏటీ అండ్ టీ నుంచి క్రంచీరోల్ అనే మరో యానిమే యాప్‌ను కూడా 117.5 కోట్ల డాలర్లకు తీసుకుంది. ఒకే సరుకు అమ్మే రెండు దుకాణాలు ఒకే యజమాని చేతికి వచ్చాక ఒకటి మూతపడటం ఖాయమని అభిమానులకు అప్పుడే అర్థమైంది. అందుకే సబ్‌స్క్రిప్షన్ క్రంచీరోల్‌కు మారుతుందన్నప్పుడు ధర పెరుగుతోందని గొణిగినా, చాలామంది సర్దుకున్నారు.

వాళ్లను మండించింది మీ అబ్బాయికి తగిలిన దెబ్బే. డిజిటల్ కాపీలకు క్రంచీరోల్‌లో చోటు లేదని మూసివేత ప్రకటనలో ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ కాపీ ఎప్పటికీ మీదే అన్న భరోసాతో అమ్మిన వస్తువు అది. నెలవారీ చందా కట్టేవాడికి చందా ఆగితే సినిమా ఆగుతుందని తెలుసు. డిస్క్‌కు పూర్తి ధర ఇచ్చినవాడు అలా అనుకోడు, అనుకోనవసరమూ లేదు. ఒక్కొక్కరితో మాట్లాడి తగిన విలువ కట్టిస్తామని క్రంచీరోల్ అధ్యక్షుడు రాహుల్ పూరిణి తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ఆ మాట ప్రకటనలోనే, అందరికీ ఒకే లెక్కన ఉండాల్సింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసినప్పుడు పుస్తకాలు మాయమయ్యాయి, కానీ కొన్నవాళ్లకు పూర్తి సొమ్ము తిరిగి ఇచ్చింది. అదే ఏడాది జులై 31న, కొన్న సినిమాలను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే అల్ట్రావయొలెట్ సేవ మూతపడే ముందు, ఖాతాను వేరే దుకాణాలతో కలుపుకొని సినిమాలు కాపాడుకునేందుకు నెలల గడువు ఇచ్చారు. కావాలనుకుంటే దారి ఉంటుందనడానికి ఈ రెండూ చాలు. అభిమానుల కోపం న్యాయమైనదేనని నా నమ్మకం.

పైరసీ మాటకొస్తే, ఆ సైట్లకు వెళితే దెబ్బ తినేది మూసేసిన కంపెనీ కాదు. బొమ్మలు గీసినవాళ్లకు పైసా వెళ్లదు. మీ కంప్యూటర్‌లోకి ఏం దిగుతుందో తెలియదు. మీ వాడి చేతిలో డిస్కులున్నాయి కదా, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాటినే కాపాడుకుందాం.

ఇక విజయవాడ సంగతి. బ్లూ-రేలను అవి ఆడే దేశాలను బట్టి ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అని మూడు రీజియన్లుగా విడగొట్టారు. అమెరికా, జపాన్ ‘ఏ’ కిందకు వస్తాయి, మనది ‘సీ’. పెట్టె వెనక చిన్న గుర్తులో ఆ అక్షరం చూడండి. ‘ఏ’ ఒక్కటే ఉంటే ఇక్కడ కొన్న ప్లేయర్‌లో డిస్క్ ఆడకపోవచ్చు, మూడూ ఉంటే బెంగ లేదు. డీవీడీలకు అంకెలు ఉంటాయి: అమెరికాకు 1, మనకు 5. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ తాళం లేదు. కాబట్టి సామాన్లలో అక్కడి ప్లేయర్‌ను మాత్రం అమ్మేయకండి, వెంట తెచ్చుకోండి. దాని వెనక చీటీ మీద 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలించకండి, కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. టీవీకి హెచ్‌డీఎంఐ తీగ చాలు. అక్కడ కొన్న డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ ఇంట్లో ఉంటే అదే మీ రీజియన్ ‘ఏ’ ప్లేయర్, వేరేది వెతకనక్కర్లేదు. కంప్యూటర్ డ్రైవ్‌తో మాత్రం జాగ్రత్త. డీవీడీ రీజియన్‌ను అయిదు సార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత చివరిదాని మీదే బిగుసుకుపోతుంది. విండోస్‌లో బ్లూ-రే ఆడించే సాఫ్ట్‌వేర్ కూడా విడిగా కొనుక్కోవాలి.

బెజవాడ ఎండలు మీకు కొత్త కాదు, డిస్కులకు కొత్త. పుస్తకాల్లా నిలువుగా, ఎండ పడని బీరువాలో పెట్టండి. తుడిచేటప్పుడు గుండ్రంగా రుద్దకుండా మధ్య నుంచి అంచుకు మెత్తని గుడ్డతో లాగండి. కోడ్ కాగితాలు పారేయవచ్చు.

ప్రశ్న: ఒక యాప్‌లో తెలుగు డబ్బింగ్ ఉన్న యానిమే ఎపిసోడ్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను. ఊరెళ్లి వారం పైగా ఉన్నాక తెరిస్తే ఆడలేదు. ఫోన్‌లో లోపమా? (వరంగల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఫోన్ బాగానే ఉంది. మీరు దింపుకున్న ఫైల్‌కు తాళం ఉంటుంది, తాళంచెవికి గడువు ఉంటుంది. గడువు దాటితే యాప్ ఒకసారి నెట్‌కు తగిలి కొత్త చెవి తెచ్చుకోవాలి. సిగ్నల్ లేని ఊరికి వెళ్లేముందు రోజు యాప్ తెరిచి, ప్రతి ఎపిసోడ్ ఒక్క నిమిషం ఆడించి చూసుకోండి. చందా ఆగితే మాత్రం ఆ ఫైళ్లు ఎలాగూ పనిచేయవు.

ప్రశ్న: యాప్‌లో అద్దెకు ఒక ధర, కొనడానికి ఇంకో ధర చూపిస్తారు. కొంటే అది నాదేనా? (హైదరాబాద్ నుంచి)

జవాబు: చాలా చోట్ల మీకు దక్కేది లైసెన్స్, అంటే చూసుకునే అనుమతి మాత్రమే. ఈ విషయంలో కాలిఫోర్నియా చట్టం చేసింది. ఇచ్చేది లైసెన్సేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడటం 2025 జనవరి 1 నుంచి అక్కడ కుదరదు. మీరు డబ్బు కట్టేముందు ఇలా పరీక్షించండి: ఫైల్‌ను పెన్ డ్రైవ్‌లో వేసి, లాగిన్ లేని వేరే కంప్యూటర్‌లో తెరవగలరా? ఎంపీ3 పాట తెరుచుకుంటుంది, తాళం లేని ఈపబ్ రకం ఈ-పుస్తకం తెరుచుకుంటుంది, జీఓజీ లాంటి గేమ్‌ల దుకాణంలో దింపుకున్న గేమ్ ఇన్‌స్టాలర్ కూడా. సినిమా యాప్‌లో ‘కొన్నది’ తెరుచుకోదు. ఒక్కసారి చూసి వదిలేసే సినిమా అయితే అద్దెకు తీసుకోండి. మళ్లీ మళ్లీ చూస్తారనుకుంటే డిస్క్ దొరుకుతుందేమో ముందు వెతకండి.