మైపాడులో గాలి యాప్ చూపినదానికంటే ఎందుకు పెరిగింది? (సమాధానం)

తమ్ముడూ, వాతావరణ యాప్‌లో గాలి 8 నాట్స్ (గంటకు సుమారు 15 కిలోమీటర్లు) అని చూసి, బోర్డు తీసుకుని నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌కి వెళ్తే మధ్యాహ్నానికి గాలి రెట్టింపైందని రాశావు. అది సముద్రపు గాలి అయ్యుంటుంది. ఎండకు నేల వేడెక్కాక, నీళ్ల మీది చల్లగాలి ఒడ్డుకు తోసుకొస్తుంది. యాప్‌లు గాలి అంచనాను వాతావరణ మోడళ్ల నుంచి తీసుకుంటాయి. వాటిలో అమెరికా వాళ్ల జీఎఫ్‌ఎస్ మోడల్ యాప్‌లకిచ్చే లెక్కలో ఒక్కో గడి సుమారు 25 కిలోమీటర్లు, తీరం గీత దానికి సరిగ్గా ఆనదు. యూరప్ వాళ్ల ఈసీఎండబ్ల్యూఎఫ్ మోడల్‌ది 9 కిలోమీటర్లు, యాప్‌లో అది పెట్టుకో. గంటగంటకీ చూడు, గస్ట్ (ఒక్కసారిగా విసిరే గాలి) అంకె కూడా. అలలకు ఇన్‌కాయిస్ (హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం) సూచన చాలు.

నాకు అసలు టెన్షన్ జూన్, జూలై పడమటి గాలితోనే. అది నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్లు ప్రశాంతంగానే కనిపిస్తాయి, బోర్డును మాత్రం గాలి సముద్రం లోపలికి లాక్కెళ్తుంది. అలాంటి రోజు దిగకు. గాలి ఎటు తిరిగిందో అర్థం కాకపోతే పడవల వాళ్లను అడుగు.