సర్వర్‌కు తాళం పడితే... పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది నలభై పడకల నర్సింగ్ హోమ్. ఓపీ రిజిస్ట్రేషన్, ల్యాబ్ రిపోర్టులు, మందుల షాపు బిల్లులు అన్నీ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. రోజూ రాత్రి 11 గంటలకు బ్యాకప్ దానంతటదే 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి వెళ్తుంది. డిస్కు ఎప్పుడూ సర్వర్‌కే తగిలించి ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగినట్టు మా దగ్గర జరిగితే ఈ ఏర్పాటు సరిపోతుందా? - నిర్వాహకులు, ఏలూరు

జవాబు: సరిపోదు. తగిలించి ఉన్న డిస్కు రాన్సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాంకు) ఇంకో డ్రైవ్ మాత్రమే. సి, డి డ్రైవ్‌లను ఎలా ఎన్‌క్రిప్ట్ చేస్తుందో, అంటే కీ లేకుండా తెరవలేని రూపంలోకి మారుస్తుందో, దాన్నీ అలాగే చేస్తుంది. అసలు దాడి చేసేవాళ్లు ముందు వెతికేదే బ్యాకప్‌ను. నెట్‌వర్క్‌లోకి చొరబడినవాళ్లు సాధారణంగా అదే రోజు తాళం వేయరు. కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలపాటు లోపలే తిరుగుతారు. అడ్మిన్ పాస్‌వర్డ్ సంపాదిస్తారు. విండోస్ దాచుకునే షాడో కాపీలను ఒక్క కమాండ్‌తో చెరిపేస్తారు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి పాత కాపీలనూ తీసేస్తారు. ఆ తర్వాత ఏ శనివారం రాత్రో, పండగ సెలవుల్లోనో తాళం పడుతుంది.

ఎయిమ్స్‌లో 2022 నవంబర్ 23 ఉదయం ఆస్పత్రి పనులన్నీ నడిపే ఈ-హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ సేవలు ఆగిపోయాయి. ఐదు సర్వర్లు, సుమారు 1.3 టీబీ డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యాయనీ, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడం వల్లే చొరబాటు సాధ్యమైందనీ కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఐదే సర్వర్లు. అయినా దేశంలో అంత పేరున్న ఆస్పత్రిలో ఓపీ, ల్యాబ్, బిల్లింగ్ రెండు వారాల దాకా కాగితాల మీద నడిచాయి. చివరికి ఈ-హాస్పిటల్ డేటా తిరిగి దక్కింది దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచే. దాన్ని కొత్త సర్వర్ల మీదకు ఎక్కించారు.

మీరు ఇప్పుడున్న డిస్కుకు తోడు అలాంటివే ఇంకో రెండు కొనండి. ఏ రోజైనా ఒక్కటే సర్వర్‌కు ఉండాలి. సోమవారం, గురువారం ఉదయం మార్చండి. తీసినదాన్ని ఆస్పత్రిలో కాకుండా వేరే చోట బీరువాలో పెట్టండి. మూడో డిస్కులోకి నెలకొకసారి పూర్తి కాపీ తీసి, కనీసం ఆరు నెలల కాపీలు ఉంచండి, అన్నీ పట్టకపోతే ఆ డిస్కు పెద్దది తీసుకోండి. చొరబాటు ఎప్పుడు మొదలైందో తాళం పడ్డాక గానీ తెలియదు కాబట్టి నిన్నటి కాపీలో కూడా వాళ్ల ప్రోగ్రాం కూర్చుని ఉండవచ్చు. ఖర్చుకు వెనకాడకపోతే ఒక నాస్ పెట్టెను (నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజ్ పెట్టె) వేరే గదిలో పెట్టండి. అయితే సర్వర్ దానిలోకి ఫైళ్లు తోయకూడదు, నాసే వచ్చి సర్వర్ నుంచి లాక్కోవాలి. నాస్ పాస్‌వర్డ్ సర్వర్‌లో ఎక్కడా సేవ్ అయి ఉండకూడదు. 30 రోజుల స్నాప్‌షాట్లు (ఏ రోజు ఫైళ్లు ఎలా ఉన్నాయో దాచే కాపీలు) ఆన్ చేసుకోండి. క్లౌడ్‌లో పెట్టేవాళ్లు గడువు తీరేదాకా చెరపడానికి వీల్లేని లాక్ ఉన్న ప్లాన్ తీసుకోవాలి. మామూలు డ్రైవ్ సింక్ పనికిరాదు. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలును అది అంతే శ్రద్ధగా పైకి పంపేస్తుంది.

తిరిగి తెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేశారా? 2 టీబీ డేటా మంచి యూఎస్‌బీ డిస్కు నుంచి సెకనుకు 110 ఎంబీ చొప్పున వస్తే ఐదు గంటలు. అదే క్లౌడ్ నుంచి 100 ఎంబీపీఎస్ లైన్ మీద వస్తే సెకనుకు 12 ఎంబీ మించదు, దాదాపు 46 గంటలు. అంటే రెండు రోజులు. ఆ రెండు రోజులూ మీ రిసెప్షన్‌లో ఏం రాస్తారు?

మూడు నెలలకొకసారి వేరే కంప్యూటర్ మీద బ్యాకప్‌ను నిజంగా ఎక్కించి, సాఫ్ట్‌వేర్ తెరిచి, నిన్న రాత్రి చివరి బిల్లు నంబరు కనబడుతుందో లేదో చూడండి. బోల్తా కొట్టేది ఎక్కువగా ఇక్కడే. డేటాబేస్ నడుస్తుండగానే ఫైలును కాపీ చేస్తే కాపీ అయినట్టే కనిపిస్తుంది, తెరుచుకోదు. అందుకే డేటాబేస్ సొంత బ్యాకప్ కమాండ్‌తోనే తీయాలి. డిస్కు నిండిపోయి నెలల తరబడి జాబ్ ఫెయిల్ అవుతున్నా ఆ మెయిల్ ఎవరూ చదవరు. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కీ, బ్యాకప్ పాస్‌వర్డ్ రెండూ తాళం పడిన సర్వర్‌లోనే నోట్‌ప్యాడ్ ఫైల్లో ఉంటాయి. ఆ రెండింటినీ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఇంకొకటి, పైసా ఖర్చు లేనిది. రోజూ రాత్రి 8 గంటలకు ఇన్‌పేషెంట్ల జాబితా ప్రింట్ తీసి నర్సింగ్ స్టేషన్‌లో పెట్టించండి. పడక నంబరు, పేరు, నడుస్తున్న మందులు, అలర్జీ, రక్తం గ్రూపు, రేపటి ఆపరేషన్. ఖాళీ ఓపీ చీటీలు 500, కార్బన్ పెట్టి మూడు కాపీలు రాసుకునే ల్యాబ్ ఫారాలు, మందుల ధరల పట్టీ ఒక అట్టపెట్టెలో సిద్ధంగా ఉండాలి. చేతిరాత చీటీల నంబర్లు ఎం-1 నుంచి మొదలుపెడితే తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పాత నంబర్లతో కలిసిపోవు.

ప్రశ్న: ఉదయం ఆఫీసు తెరిచేసరికి ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి, తెర మీద డబ్బు అడిగే నోటు కనబడితే మొదటి గంటలో ఏం చేయాలి? - అకౌంటెంట్, స్పిన్నింగ్ మిల్లు, గుంటూరు

జవాబు: ముందు నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. ఒక్క కంప్యూటర్‌కు కాదు, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ దగ్గరే. బ్యాకప్ పెట్టెను అన్నిటికన్నా ముందు విడదీయండి. ఇంటర్నెట్ లైన్ కూడా తీసేయండి. కంగారులో పవర్ బటన్ నొక్కకండి. కొన్ని సందర్భాల్లో ఎన్‌క్రిప్షన్ కీ మెమరీలోనే ఉంటుంది, ఆపితే అదీ పోతుంది. కేబుల్ తీసే వీలే లేదు, ఫైళ్లు కళ్ల ముందే మారిపోతున్నాయి అంటే అప్పుడు మాత్రం ఆపేయడమే మేలు.

నోటును, ఫైలు చివర చేరిన కొత్త పేరును ఫోన్‌తో ఫొటో తీయండి. ఎవరు, ఎన్ని గంటలకు, ఏం చూశారో పుస్తకంలో రాయండి. ఫైర్‌వాల్ లాగ్‌లు వెంటనే వేరే చోటికి తీయించండి. చిన్న ఫైర్‌వాల్‌లో అవి కొద్ది రోజుల్లోనే కొత్తవాటి కింద చెరిగిపోతాయి. సోకిన యంత్రంలో అడ్మిన్ ఖాతాతో లాగిన్ అవ్వకండి, ఆ పాస్‌వర్డ్ కూడా వాళ్ల చేతికి వెళ్తుంది. బాగుచేస్తానని వచ్చిన కుర్రాడు వెంటనే ఫార్మాట్ కొడతానంటే ఆపండి. వాళ్లు ఎలా వచ్చారో తేలకుండా మళ్లీ ఎక్కిస్తే వారం తిరక్కుండా అదే తలుపులోంచి వస్తారు. చిన్న సంస్థల్లో ఆ తలుపు చాలాసార్లు ఇంటి నుంచి పని కోసం తెరిచిపెట్టిన రిమోట్ డెస్క్‌టాప్, అంటే 3389 పోర్టు. లేదంటే ఓటీపీ లేని వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి), క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్.

గమనించిన 6 గంటల్లోపు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం చెబుతోంది. టోల్‌ఫ్రీ 1800-11-4949. లాగ్‌లు 180 రోజులు ఉంచాలన్నదీ అందులోనిదే. బ్యాంకు ఖాతా నుంచి డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు క్షణం ఆలస్యం లేకుండా ఫోన్ చేయండి.

యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు కంప్యూటర్ల లాగిన్‌లన్నిటినీ ఒకేచోట నడిపే విండోస్ వ్యవస్థ) ఉన్నవాళ్లకు ఒక మాట. అందరి పాస్‌వర్డ్‌లు మార్చినంత మాత్రాన పని అయిపోదు. కేఆర్‌బీటీజీటీ అనే అంతర్గత ఖాతా పాస్‌వర్డ్‌ను రెండుసార్లు మార్చాలి, మధ్య కనీసం 10 గంటల విరామం ఇవ్వాలి. ఒక్కసారే మారిస్తే దొంగిలించిన పాత టికెట్, అంటే లాగిన్ అనుమతి, చెల్లుతూనే ఉంటుంది.

ప్రశ్న: 2024 జూలై 31న మా సహకార బ్యాంకు యూపీఐ, ఏటీఎం ఆగిపోయాయి. మేనేజరును అడిగితే మా బ్యాంకు మీద దాడేమీ జరగలేదన్నారు. మరి ఎందుకు ఆగింది? - ఖాతాదారు, కరీంనగర్

జవాబు: ఆయన చెప్పింది అబద్ధమేమీ కాకపోవచ్చు. చిన్న బ్యాంకులు చాలామటుకు సొంతంగా సర్వర్లు పెట్టుకోవు. సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ లాంటి సంస్థ వాటికి సాంకేతిక సేవలు అందిస్తుంది. ఆ రోజు రాన్సమ్‌వేర్ తగిలింది సీ-ఎడ్జ్‌కు. అది మిగతా వ్యవస్థలోకి పాకకుండా యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ సీ-ఎడ్జ్‌ను చెల్లింపుల నెట్‌వర్క్ నుంచి విడదీసింది. దాంతో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారుల యూపీఐ, ఏటీఎం సేవలు నిలిచిపోయాయి. మర్నాడు, ఆగస్టు 1న తిరిగి కలిపారు. దాడి మూలం సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే ఇంకో చిన్న సంస్థలో సరిగా అమర్చని జెంకిన్స్ సర్వర్ (సాఫ్ట్‌వేర్ తయారీలో వాడేది) అని భద్రతా పరిశోధకులు తేల్చారు. కేబుల్ పీకమని పై జవాబులో చెప్పిన పనినే ఎన్‌పీసీఐ దేశం స్థాయిలో చేసింది. ఒక రోజు ఇబ్బందితో పోయింది, మా దృష్టిలో అది సరైన నిర్ణయమే. మీవైపు జాగ్రత్త సులువు: ఖాతాలు వేర్వేరు బ్యాంకుల్లో రెండు ఉంచుకోండి, ఒకటి పెద్ద బ్యాంకులో.

ప్రశ్న: అడిగిన డబ్బు కట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా? - చిన్న పరిశ్రమ యజమాని, కూకట్‌పల్లి

జవాబు: తాళంచెవి వచ్చినంత మాత్రాన గొడవ వదలదని ఐర్లండ్ ఆరోగ్య సేవల సంస్థ అనుభవం చెబుతోంది. అక్కడ ఒక ఉద్యోగి 2021 మార్చి 18న మెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచారు. తాళం పడింది మే 14న. మధ్యలో ఎనిమిది వారాలు. ప్రభుత్వం డబ్బు కట్టలేదు. అయినా దాడి చేసిన కాంటీ ముఠా మే 20న తాళంచెవి ఉచితంగానే ఇచ్చేసింది. సర్వర్లన్నీ విప్పేసరికి సెప్టెంబర్ 21 అయింది! ప్రతి యంత్రాన్నీ ఒక్కొక్కటిగా విప్పి, శుభ్రం చేసి, పరీక్షించి కలపాలి కదా.

అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ ఆ 2021 మే నెలలోనే తన మీద దాడి చేసినవాళ్లకు 75 బిట్‌కాయిన్లు, అప్పటి లెక్కన దాదాపు 44 లక్షల డాలర్లు కట్టింది. వాళ్లిచ్చిన ప్రోగ్రాం ఎంత నిదానమంటే కంపెనీ తన సొంత బ్యాకప్‌లనే వాడుకోవలసి వచ్చిందని వార్తలొచ్చాయి. అందులో 63.7 బిట్‌కాయిన్లను అమెరికా న్యాయశాఖ తర్వాత రాబట్టింది, అది అందరికీ దక్కే అదృష్టం కాదు. దొంగలు లోపలికొచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతాతో. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తనిఖీ లేదు. మీ సంస్థ వదిలి వెళ్లినవాళ్ల ఖాతాలు ఇంకా తెరిచే ఉన్నాయేమో ఇవాళే చూడండి. కట్టడానికి ముందు నో మోర్ రాన్సమ్ అనే సైటులో మీకు సోకిన రకానికి ఉచిత తాళంచెవి ఉందేమో కూడా వెతకండి, పాత రకాలకు కొన్నిటికి దొరుకుతుంది.

ప్రశ్న: మా డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఎక్స్‌రే యంత్రం కంప్యూటర్ విండోస్ 7 మీద ఉంది. అప్‌డేట్ చేస్తే యంత్రం పనిచేయదు, వారంటీ పోతుందని కంపెనీవాళ్లు అంటున్నారు. - టెక్నీషియన్, విజయనగరం

జవాబు: కంపెనీ మాట చాలాసార్లు నిజమే, అందుకని వదిలేయడం కుదరదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పడినప్పుడు దాన్ని ఆపే ప్యాచ్ మార్చి 14నే విడుదలై ఉంది. వేయనివాళ్లు దెబ్బతిన్నారు. బ్రిటన్ ఆరోగ్య సేవల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు, తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయంలో కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి.

మార్చలేని యంత్రాన్ని ఒంటరి చేయాలి. మేనేజ్డ్ స్విచ్‌లో (సెట్టింగ్స్ మార్చగల నెట్‌వర్క్ స్విచ్) దానికి వేరే వీలాన్, అంటే మిగతావాటి నుంచి విడిగా ఉండే నెట్‌వర్క్ భాగం ఇవ్వండి. అక్కడి నుంచి ఇమేజ్‌లు దాచే పాక్స్ సర్వర్‌కు మాత్రమే, వైద్య ఇమేజ్‌లు పంపే డైకామ్ పోర్టులో మాత్రమే దారి తెరవండి. అది సాధారణంగా 104, కొన్నిట్లో 11112. మీ యంత్రం సెట్టింగ్స్‌లో ఏది ఉందో చూసి రాసుకోండి. ఫైళ్లు పంచుకునే 445 పోర్టు మూసేయండి, ఆ పనికే వాడే పాత పద్ధతి ఎస్ఎంబీ-1 ఆపేయండి. దానికి ఇంటర్నెట్ ఉండకూడదు. కంపెనీ ఇంజనీరు దూరం నుంచి చూడాలంటే ఆ గంట తెరిచి మళ్లీ మూయండి. దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్‌ను శాశ్వతంగా ఆన్ చేసి వెళ్లే అలవాటు వాళ్లలో ఉంది, వెళ్లాక తీసేశారో లేదో చూసుకోండి. పేషెంట్లు తెచ్చే పెన్‌డ్రైవ్ ఆ కంప్యూటర్‌కు తగలనివ్వకండి, సీడీ రాయడానికి వేరే కంప్యూటర్ పెట్టండి. హార్డ్‌డిస్క్ పూర్తి ఇమేజ్ ఒకటి తీసి ఉంచితే, పాడైనా కొన్ని గంటల్లో లేపవచ్చు.

ప్రశ్న: పరీక్ష ఫలితాల రోజు సైటు పడిపోతే సైబర్ దాడి అంటారు. నిజమేనా? - విద్యార్థి, ఒంగోలు

జవాబు: చాలామటుకు కాదు. ఒకే నిమిషంలో లక్షలమంది హాల్ టికెట్ నంబరు కొడితే ఏ దాడీ లేకుండానే సర్వర్ కూలుతుంది. దాడి అయితే లాగ్‌లో వేరేగా కనిపిస్తుంది: హాల్ టికెట్ నంబర్లే లేకుండా ఒకే పేజీ కోసం, విద్యార్థులే లేని దేశాల నుంచి లక్షల అభ్యర్థనలు, ఫలితాల హడావుడి తగ్గాక కూడా. 2024 జూలై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చినప్పుడు కూడా దాడి అనే ప్రచారం జరిగింది. అది భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. మీ ఫలితం కోసం మాత్రం ఒక గంట ఆగి చూడండి. ఈలోగా వాట్సాప్‌లో వచ్చే ‘ఫలితాల లింకు’ నొక్కి ఫోన్ నంబరు, ఓటీపీ ఇవ్వకండి.